మా యింటి పాత మోటారుబండి

నిరుడు వైశాఖమాసమున నొకనాడు పగలు పదునొకండు గంటల వేళ మేము వజ్రకరూరునుండి గుంతకల్లునకు బయలుదేరితిమి. దూరము సుమారు 20 కిలోమీటర్లు. మామూలు దినములలో దానిని ప్రయాణమనియే అనుకొనము. కాని ఆనాడు మా అత్తగారికి ఉబ్బసము హెచ్చి, తెల్లవాఱినది మొదలు ఊపిరి సలుపక, మంచపుకోడు పట్టుకొని ముందునకు వంగి కూర్చుండిరి. పీల్చుమందు రెండుసారులు వాడినను గుణము కానరాలేదు. అంబులెన్సుబండి దూరముననున్నదనిరి. బాడుగకారు పెండ్లివారితో ఉరవకొండకు పోయినది. ఇక కొట్టములోనున్న మా మామగారి కారే దిక్కయ్యెను.

ఊరు దాటి ఆఱేడు కిలోమీటర్లు పోవునప్పటికి ఇంజను రెండుమూడు సారులు కుదిపి, తుమ్మినట్లు చప్పుడు చేసి నిలిచిపోయెను. మా వారు తాళపుచెవి త్రిప్పినకొలది అది గిఱ్ఱున తిరుగుటయే గాని అంటుకొనుట లేదు. బాటకు ఇరుప్రక్కల దున్ని వానకై విడిచిన నేల. కనుచూపుమేరలో నొక్కటే వేపచెట్టు, అదియు మాకు అక్కఱకు రానంత దూరమున. మా వారు దిగి ముందుమూత లేపిరి. ఈ కారునకు ముందుభాగమంతయు చక్రముల పైరేకులతో సహా మొసలి నోరు తెఱచినట్లు ముందునకు లేచును. ఆయన చేయి పెట్టి చూచి, వెంటనే వెనుకకు తీసికొని, “పంపులో పెట్రోలు ఉడికిపోయినది. తడిగుడ్డ వేసిన గాని కదలదు” అనిరి.

మా వద్దనున్న నీరంతయు అత్తగారి కొఱకు తెచ్చిన యొక కూజాలోనిదే. మేము కూజాను చూచితిమి, అత్తగారిని చూచితిమి. ఆమె మాటలాడలేక చేతితో సైగచేసి, కొంతసేపటికి, “పోయమ్మా. అది కదిలితేనే గదా నేను కదిలేది” అనిరి. మేము తువ్వాలు చింపి రెండు ముక్కలుచేసి, సగము నీరు ధారపోసి, ఒక ముక్క పంపునకును, ఒక ముక్క పెట్రోలు గొట్టమునకును చుట్టితిమి. ఆవిరి లేచెను. గుడ్డ ఆఱిన కొలది మరల తడుపుచు ఇరువది నిమిషములు ఆ యెండలో నిలుచుంటిమి. ఆ యిరువది నిమిషములలో అత్తగారి రొమ్ములో పిల్లికూతవంటి శబ్దము వినుచుండుట యెట్టిదో వ్రాయుటకు మాకు చేతకాదు. తుదకు ఇంజను అంటుకొన్నది. గుంతకల్లులో ఆమెకు ప్రాణవాయువు పెట్టిరి. మూడవనాడు ఇంటికి తెచ్చుకొంటిమి.

ఆ రాత్రియే మేము మా వారితో, “ఈ బండిని అమ్మివేయుడు, లేదా బాగుచేయింపుడు. కొట్టములో నమ్మరాని దిక్కు ఉండుటకంటె ఏ దిక్కును లేకుండుట మేలు” అని చెప్పితిమి.

ఇది స్టాండర్డు హెరాల్డు అను కారు. ఇంగ్లండులో ట్రయంఫు సంస్థవారు 1959లో ఈ నమూనాను వెలువరించిరి. దాని రూపమును గీచినవాడు మికెలోట్టి అను ఇటలీ దేశపు శిల్పి. మన దేశమున మదరాసులోని స్టాండర్డు మోటారు సంస్థవారు 1961 మొదలు దీనిని తయారుచేసిరి. ఇంజను 948 ఘనసెంటీమీటర్లది. దీనినే పొట్టిచేసిన చట్రముపై ఇంగ్లండువారు 1962లో స్పిట్‌ఫైరు అను ఇద్దఱు కూర్చుండు పందెపుతరహా కారును నిర్మించిరి. కావున మా బండి పందెపు కారు కాకపోయినను దానికి అక్కవరుస అగును. మా మామగారు గుంతకల్లులో రైలు కొలువుననుండగా దీనిని రెండవచేతి సొత్తుగా కొనిరి. ఆయన పోయిన పిదప మా వారు వారమునకొకసారి నడుపుచు కాపాడుచు వచ్చిరి. పిల్లలకు ఇది ‘తాత బండి’.

ఉడికిన పెట్రోలు సంగతి కొంత వివరింపవలసియున్నది. కార్బురేటరనునది సన్నని నడుము గల యొక గొట్టము. ఇంజను గాలిని పీల్చునప్పుడు ఆ నడుమువద్ద గాలి వడి హెచ్చి ఒత్తిడి తగ్గును. ప్రక్కనున్న చిన్న తొట్టిలోని పెట్రోలు సూదిబెజ్జమువంటి ఇత్తడి జెట్టు ద్వారా ఆ తగ్గిన చోటికి పీల్చబడి, తుంపరయై గాలితో కలియును. తొట్టిలో నొక తేలుడుబిళ్ల యుండి, నిండగానే ద్వారమును మూయును. ఇందులో విద్యుత్తు లేదు, లెక్క లేదు. గాలి యెంత లాగిన అంత పెట్రోలు వచ్చును. నూఱేండ్లు లోకమును నడిపిన యుపాయమది, దానిని తక్కువచేసి మాటలాడుట మాకు ఇష్టము లేదు.

అయితే ఆ తొట్టి, ఆ పంపు ఇంజనుయొక్క మేనినే అంటియుండును. గాలి 41, 42 డిగ్రీలున్న దినమున మూత క్రింద పెట్రోలు మఱుగుటకు ఎంతోసేపు పట్టదు. పంపు ద్రవమును త్రోయగలదు గాని ఆవిరిని త్రోయలేదు. గొట్టములో బుడగ పడినంతనే బండి నిలుచును. తడిగుడ్డ వేసిన బుడగ చల్లబడి మరల ద్రవమగును. పాతకాలపు డ్రైవర్లందఱు ఎఱిగిన చిట్కాయే యిది.

దీనికి తోడు ఇప్పటి పెట్రోలులో చెఱకునుండియు ధాన్యమునుండియు తీసిన ఇథనాలును కలుపుచున్నారు. 20 పాళ్లు కలుపవలెనను లక్ష్యము 2025లో మన దేశమున నెఱవేఱినది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు తూకమున 14.7 పాళ్ల గాలి కావలెను. ఇథనాలునకు 9 పాళ్లు చాలును. రెండును కలిసిన యీ పెట్రోలునకు సుమారు 13.5 పాళ్లు సరిపోవును. అనగా అదే గాలికి ఇంధనము ఎక్కువ కావలెను. కాని అఱువదియేండ్ల నాటి జెట్టు తన బెజ్జము కొలది మాత్రమే ఇచ్చును. ఇంజను అర్ధాకలితో నడిచి వేడెక్కును. ఇథనాలు నీటిని పీల్చుకొనును, పాతకాలపు రబ్బరు గొట్టములను మెత్తపఱచి చీల్చును. మా కారు వెనుకసీటున ఎన్నాళ్లుగానో వచ్చుచున్న పెట్రోలు వాసనకు కారణము అదియేయని పిదప తెలిసినది. ఉబ్బసపు మనిషిని అందు కూర్చుండబెట్టి తీసికొనిపోయితిమి గదాయని తలచుకొన్న నేటికిని గుండె కలుక్కుమనును.

మా బావగారి కుమారుడు బెంగుళూరులో మోటారు యంత్రముల కొలువుననున్నాడు. సంగతి విని ఆ వారాంతమున వచ్చి, మూత తెఱచి చాలసేపు చూచి, “పిన్నీ! తడిగుడ్డతో ఎన్ని వేసవులు గడుపుదువు? దీనికి ఇంజెక్షను పెట్టుదము” అనెను. ఆ మాటకు మా అత్తగారు, “దానికి కూడ సూదిమందేనా నాయనా, నాతోబాటు!” అని నవ్విరి. చాలదినముల తరువాత ఆమె నవ్వుట అదియే.

అతడు చెప్పునదేమో మాకు వెంటనే తెలిసినది. ఏలయన మా పుట్టింట బావిమీద ఆయిలింజను ఉండెను. కరెంటు రాకమునుపు అనంతపురము సీమలో వేరుసెనగకును, చీనీతోటకును నీరు తోడినవి ఆ యింజనులే. డీజెలు ఇంజనునకు కార్బురేటరుండదు. పంపు డీజెలును చదరపు సెంటీమీటరునకు ఇన్నూఱు కిలోల ఒత్తిడితో నాజిలులోనుండి పొగమంచువలె చిమ్మును. ఈ పంపులను జర్మనీలో బాషు సంస్థవారు 1927 మొదలు విరివిగా చేసిరి. 1951లో ఏర్పడిన మైకో సంస్థవారి బెంగుళూరు కర్మాగారము వానిని మన దేశమునకు అందించెను. నాజిలు చెడిననాడు మా నాయన దానిని విప్పి బయట పట్టుకొని చిమ్మించి చూచుచు, మమ్ము ఆమడదూరమున నిలువుమనెడివారు. ఆ చిమ్ము చేతికి తగిలిన చర్మమును దూసుకొని లోనికి పోవును. పైకి సూదిపోటంత గాయమే యున్నను లోపల చేయి కుళ్లును. అట్టి గాయమైనప్పుడు నొప్పి లేదని యూరకుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను. పొలములలో ఇంజనులున్న యిండ్ల సోదరీమణులు దీనిని గుర్తుంచుకొందురుగాక.

పెట్రోలుకారునకు ఈ పద్ధతిని తెచ్చినకథ కొంత వినోదకరముగా నుండును. విమానపు ఇంజనులలో అంతకుముందే వాడిన విద్యను మెర్సిడెస్ బెంజివారు 1954లో 300 ఎస్.ఎల్. అను తమ పందెపుతరహా కారునకు పెట్టిరి. దాని తలుపులు పక్షిరెక్కలవలె పైకి లేచును. అతివేగముగల బండియే గాని, అందొక లోపముండెను. తాళము తీసిన పిదపకూడ ఇంజను పూర్తిగా ఆగువఱకు పంపు పెట్రోలు చిమ్ముచునే యుండుటచేత, అది సిలిండరు గోడలమీది నూనెను కడిగి క్రిందికి దింపెడిది. అమెరికాలో బెండిక్సు సంస్థవారు విద్యుత్తుతో నడచు ఇంజెక్షనును 1958 నాటి క్రైస్లరు కార్లకు అమర్చిరి. అది కుదురక, కొన్నవారిలో పెక్కుమంది దానిని పీకివేయించి కార్బురేటర్లే పెట్టించుకొనిరి. ఆ హక్కులను బాషువారు పొంది, సరిచేసి, 1967లో ఫోక్స్‌వాగను కార్లలో నిలబెట్టిరి. అదే యేట మా హెరాల్డును కనిన ట్రయంఫువారు టి.ఆర్.5 అను పందెపుతరహా కారునకు యంత్రపు ఇంజెక్షను పెట్టిరి. దాని విద్యుత్తుపంపు వేడెక్కి మొరాయించెడిదట. ఇంగ్లండు దొరలు మంచుపెట్టెలోని పచ్చిబఠానీల సంచిని తెచ్చి పంపుమీద పెట్టి చల్లార్చుకొనెడివారట! ఇది మా బావగారి కుమారుడు చెప్పగా, అత్తగారి కూజానీటికిని వారి బఠానీలకును గల చుట్టఱికము మాకు మనసునకు పట్టినది.

నేటి ఇంజెక్షను ఆ బాధలను దాటినది. దీనిని గూర్చి స్టవ్వు భాషలో చెప్పుట సులభము. గ్యాసుపొయ్యి మంట నీలముగానున్న గాలి, గ్యాసు సరిపాళ్లుగా కలిసినట్లు. పచ్చగా లేచి గిన్నె అడుగు మసిచేసిన గాలి చాలనట్లు. మనము మంటను చూచి బర్నరు తుడుతుము, గాలిరంధ్రము సరిచేయుదుము. కారులో ఆ మంటను చూచునది సైలెన్సరు గొట్టమున బిగించిన ఆమ్లజని సూచిక. మొట్టమొదట 1976లో వోల్వోవారు దీనిని కారునకు పెట్టిరి. పొగలో ఆమ్లజని మిగిలియున్నదా లేదాయని అది క్షణక్షణము చిన్న విద్యుత్తుగా తెలుపును. ఇంజను వేడి, లోనికి పోవు గాలి వేడి, గాలి ఒత్తిడి, చక్రము తిరుగు వడి, కాలితో త్రొక్కిన మేర, వీనిని చెప్పు సూచికలు వేఱుగా నుండును. అన్నిటిని విని లెక్కకట్టునది అఱచేతి పెట్టెయంత కంప్యూటరు. అది ఇంజెక్టరు సూదిని విద్యుదయస్కాంతముతో సెకనులో వేయింట రెండుమూడు పాళ్లు మాత్రము లేపి దింపును. ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడుకూడ ఒక్కొక్క సిలిండరునకు సెకనునకు ఏడెనిమిది సారులు గాలి, ఇంధనము కావలసియుండగా, ఇంత లెక్కను తప్పక చేయుచుండును. ఏప్రిలు 2020 తరువాత మన దేశమున అమ్మిన స్కూటర్లలో చాలమట్టుకు ఇదియే యున్నది. కనుక మనలో బడికి, అంగడికి స్కూటరుమీద పోవు సోదరీమణులు తమకు తెలియకయే ఈ విద్యపై కూర్చుండి పోవుచున్నారు. ట్యాంకులోని పంపు పెట్రోలులో మునిగియుండి దానిచేతనే చల్లబడును గనుక, ట్యాంకును అడుగంట ఎండనీయరాదు.

ఇక మా యింటిలో వాదము మొదలయ్యెను. మా వారు చరిత్రము బోధించువారు. “అఱువదియేండ్లు చెక్కుచెదరని దానిని మనము చెఱుపుటయా? 50 ఏండ్లు దాటిన బండ్లను పురాతన వాహనములుగా నమోదుచేయు నియమము 2021లో వచ్చినది. ఇంజనును, చట్రమును మార్చనివానికే ఆ గౌరవము” అనిరి. మేము నియమమును ఆయనచేతనే పూర్తిగా చదివించితిమి. అట్టి నమోదు పొందిన బండిని ప్రదర్శనలకును, ఊరేగింపులకును, మరమ్మతునకును తప్ప నిత్యము బాటమీద నడుపరాదని అందున్నది. “గౌరవపు పలక తగిలించి కొట్టములో నిలుపుదుమా, అత్తగారిని ఆసుపత్రికి చేర్చుదుమా?” అని మేమడుగగా ఆయన చాలసేపు ఊరకుండి, తుదకు మోటారు వాహనముల చట్టపు 52వ విభాగమును ముందుపెట్టిరి. తయారుచేసినవారు వ్రాసిన వివరములకు భిన్నముగా బండిని మార్చుటకు ఆ విభాగమున నియమములున్నవి. కావున రవాణా కార్యాలయమున అర్జీ యిచ్చి, అనుమతి వచ్చువఱకు ఒక్క మర యైనను విప్పకూడదని నిశ్చయించిరి. అది సబబైన మాట. ఈ పని చేయదలచువారెవరైనను మొదట అదియే చేయవలెను.

రెండవది సొమ్ము. లెక్క వేయగా 68000 రూపాయలయ్యెను. నడిమింటి మిద్దె బాగుచేయించుటకు దాచినది ఇంచుమించు అంతే యున్నది. మిద్దె కాఱుచున్న మాట నిజమే గాని, మా వజ్రకరూరులో మిద్దె కాఱవలెనన్న మొదట వాన రావలెను గదా! ఏటికి కొలదిదినముల కాఱుటకై గిన్నెలు పెట్టుకొనవచ్చును. మిద్దె సొమ్ము బండికి పోయెను.

మూడవది మేమెదురుచూడనిది. మా అత్తగారు, “అన్నీ మార్చుకోండి గాని ఆ పిడి తీయకండి” అనిరి. కార్బురేటరు బండికి చలివేళ గాలిని తగ్గించి పెట్రోలు హెచ్చించు చోకు పిడి యొకటి ముందుపలకమీద నుండును. మార్గశిరమాసపు తెల్లవాఱుజామున మామగారు దానిని లాగి ఇంజను తిప్పినప్పుడు వచ్చు గరగర శబ్దము వినియే ఆమె వంటయింట కాఫీ లోటాలో పోయుచుండెడివారట. ఇంజెక్షనునకు చోకు అక్కఱలేదు. చల్లదనమును సూచిక చెప్పును, కంప్యూటరు ఇంధనము హెచ్చించును. మా బావగారి కుమారుడు, “పనిలేని పిడి యెందుకవ్వా?” అని యేమో అనబోయి, ఆమె ముఖము చూచి ఊరకుండెను.

ఆషాఢమున పని మొదలయ్యెను. అప్పటికి రెండు వానలు పడియుండుటచేత, ఎప్పటివలెనే చుట్టుప్రక్కల జిల్లాలనుండి జనము వచ్చి మా యూరి చేలలో తలలు వంచి వజ్రములు వెదకుచుండిరి. మా పిల్లవాడు కార్బురేటరు విప్పుచు ఇత్తడిజెట్టును జాఱవిడిచెను. అది గోధుమగింజకంటె కొంచెము పెద్దది. కొట్టము ముందఱి మట్టిలో అతడును, మేమును, మా పిల్లలును మోకాళ్లపై కూర్చుండి వెదకుచుండగా, బాటను పోవుచున్న యిద్దఱు పరాయి ఊరివారు ఏమియు అడుగకయే వచ్చి ప్రక్కన కూర్చుండి తామును వెదకసాగిరి! ఇత్తడిముక్కయని చెప్పిన నమ్మరు. తుదకు అది దొరికినది మా చిన్నదానికి. వారు దానిని చేతిలో త్రిప్పి చూచి నిట్టూర్చి వెడలిపోయిరి.

ఇటువంటి పనిలో పాత యింజనునకు చేయవలసినవి కొన్ని మాకు క్రొత్తగా తెలిసినవి. ఆ కాలపు ఇంగ్లీషుబండ్ల రీతిగా మా కారున బ్యాటరీ ధనధ్రువము బండి శరీరమునకు కలుపబడియుండెను. కంప్యూటరు దానిని సహింపదు, కావున తాఱుమాఱు చేయవలసివచ్చెను. పాత డైనమో ఇచ్చు విద్యుత్తు నెమ్మదిగా పోవునప్పుడు పంపునకును, ఇంజెక్టరునకును చాలదు. దాని స్థానమున ఆల్టర్నేటరు పెట్టించితిమి. పాత పంపు త్రోయు ఒత్తిడి క్రొత్తదానిలో పదవవంతైనను లేదు. క్రొత్తది చదరపు సెంటీమీటరునకు 3 కిలోల ఒత్తిడితో త్రోయుటచేత, సామాన్యపు రబ్బరుగొట్టము వాడిన అది పగిలి వేడి యింజనుమీద పెట్రోలు చిమ్మును. ఇందు పొదుపు చేయువారు నిప్పుతో పొదుపు చేయుచున్నారు. ఇథనాలునకు ఓర్చునవి, ఆ యొత్తిడికి తగినవి అగు గొట్టములనే తెప్పించితిమి. బండి గట్టిగా ఢీకొన్నయెడల పంపును తానే ఆపు మీట యొకటి పెట్టించితిమి. ఇంజెక్టరు మాత్రము కార్బురేటరు కూర్చున్న పీఠముమీదనే కూర్చున్నది. చట్రమునకు గాని, రేకునకు గాని క్రొత్త బెజ్జము వేయరాదని మా వారు పెట్టిన షరతు. ఆమ్లజని సూచికకు కావలసిన చోటును పాత సైలెన్సరు గొట్టమున గాక, వేఱుగా చేయించిన గొట్టమున అతికించిరి. మరల కావలెనన్న అర్ధదినములో అంతయు యథాస్థితికి వచ్చును.

ఇంజను మొదటిసారియే అంటుకొన్నది. అందఱము చప్పట్లు కొట్టితిమి. అయిదవనాడు నడిబాటలో ఆగిపోయెను.

కారణము ట్యాంకు. అఱువదియేండ్ల తుప్పు, జిగురు అడుగున పేరుకొనియుండగా, ఇథనాలు దానిని కరగించి వదలించెను. అది వచ్చి జల్లెడను మూసివైచెను. కార్బురేటరు అట్టి మడ్డిని కొంత మ్రింగియుండును గాని ఇంజెక్టరు సూది మ్రింగదు. ట్యాంకును దింపి, సన్నని కంకర, సబ్బునీరు పోసి మూడుదినములు ఊపి కడిగితిమి. ఒక మూల బెజ్జము కనబడెను. గ్రామములోని వెల్డింగు పనివాడు అతికింతునని వచ్చినప్పుడు మా వారు ఒప్పుకొనలేదు. ఖాళీ పెట్రోలుట్యాంకు నిండుదానికంటె భయంకరమైనది. లోపలి ఆవిరికి నిప్పురవ్వ తగిలిన బాంబువలె పేలును. దానిని అనంతపురమునకు పంపి, ఆ విద్య తెలిసినవారిచేత ఆవిరి పోవునట్లు కడిగించి అతికించి తెప్పించితిమి.

రెండవ చిక్కు విడదీసినది మేమే యని చెప్పుకొనుట కొంచెము గర్వముగా నుండవచ్చును, అయినను చెప్పెదము. బెంగుళూరు చల్లదనమున కట్టిన లెక్క మా యూరి యెండలో సరిపోవక, బండి ఎక్కడనైన పదినిమిషములాగి మరల బయలుదేఱునప్పుడు తడబడుచుండెను. అత్తగారి గండమునాటి లక్షణమే మరల కనబడుటచేత మాకు నిద్రపట్టలేదు. పిల్లవాడు బండి నడుపుచు, ల్యాప్‌టాపును మా ఒడిలో పెట్టి అంకెలు చదువుమనెను. లోనికి పోవు గాలి వేడి 71 డిగ్రీలని కనబడుచున్నది. “ఎంత యెండయైనను గాలి 71 డిగ్రీలుండునా? అది గాలిని చూచుట లేదు నాయనా, తాను కూర్చున్న పెనమును చూచుచున్నది” అంటిమి. అతడు బండి ఆపి మూత లేపెను. నిజముగానే ఆ సూచికను ఇంజను వేడి సోకు లోహపు పీఠముమీద బిగించియుండిరి. వేడిగాలి పలుచన గనుక ఇంధనము తక్కువ చాలునని లెక్కించి కంప్యూటరు పెట్రోలు తగ్గించుచు వచ్చినది. చల్లని గాలి పీల్చు మూతివద్దకు దానిని మార్చగానే తడబాటు పోయెను. “పిన్నీ, ఇంతకాలము మేము పదిమందిమి చూడలేదు” అని అతడనెను. పెనముమీద చేయి పెట్టియెఱుగనివారికి ఎట్లు తెలియును?

చోకు పిడి సంగతి. దానిని తీయలేదు. దాని వెనుక చిన్న మీటను అమర్చి పెట్రోలుపంపు విద్యుత్తును దానిగుండ పోనిచ్చిరి. పిడి లాగిన గాని పంపు నడువదు. తెలియనివాడు బండి దొంగిలింపవలెనన్నను కదలదు. వెనుకటి గరగర శబ్దము రాదు గాని, లాగినంతనే రెండు సెకనులపాటు పంపు సన్నగా జుమ్మనును.

ఈ వైశాఖమున గుంతకల్లునకు అత్తగారిని చూపించుటకై మూడుసారులు మిట్టమధ్యాహ్నము పోయి వచ్చితిమి. ఒక్కసారియు ఆగలేదు. వెనుకసీటున వాసన లేదు. లీటరునకు రెండు మూడు కిలోమీటర్లు అదనముగా వచ్చుచున్నదని మా వారు పుస్తకములో వ్రాసిపెట్టుచున్నారు. విప్పిన కార్బురేటరును కిరసనాయిలుతో కడిగి, జెట్టుతోకూడ గుడ్డలో చుట్టి, రేకుడబ్బాలో పెట్టి, ఏ మర ఎచ్చటిదో చీటీమీద వ్రాసి అటకమీద నుంచినారు. అత్తగారు మాత్రము బండి ఎక్కునప్పుడెల్ల రెండు కూజాలు పెట్టించుచున్నారు. ఒకటి తనకు, రెండవది దానికి. పాత తువ్వాలు ముక్కలు సీటు క్రిందనే యున్నవి.